ఉన్న ఉద్యోగం మానేసి కొత్త పనిలోకి వెళ్లాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో 11 ఏళ్లు చేసి, మానేసి, వేదాయపాలెం వైపు కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. అప్పటి నుంచి "అక్కా, ఒక్క ఐదు నిమిషాలు" అంటూ ఫోన్లు. చుట్టాలు, పాత ఆఫీసు వాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, కూర కోసం వచ్చి క్యారియర్ చేత్తో పట్టుకునే అడిగేవాళ్లు. మనుషులు వేరైనా సందేహాలు అవే. పొద్దున పదకొండుకు నాలుగు గిన్నెలు పొయ్యి మీద పెట్టుకుని పీఎఫ్ సంగతి చెప్పడం నా వల్ల కావడం లేదు, అందుకే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

నాకు విసుగొచ్చింది పని మీదా, ఈ ఆఫీసు మీదా? ఎట్టా తెలిసేది?

నెల రోజులు, పడుకునే ముందు ఒక్క ముక్క రాయండి: ఇవాళ చిరాకు దేనివల్ల? నేను రెండు సార్లు రాశాను. మొదటిసారి సగానికి పైగా రోజుల్లో ఒకే మనిషి పేరు వచ్చింది, మా పై ఆఫీసరుది. అప్పుడు మానేయలేదు, సెక్షన్ మార్పించుకున్నాను. హాయిగా మూడేళ్లు గడిచాయి. రెండోసారి రాసినప్పుడు మనుషుల పేర్లు లేవు. "బిల్లులు", "మళ్లీ బిల్లులు", "మార్చి నెల" అని ఉంది. మనిషితో గొడవైతే కుర్చీ మారితే చాలు. పనే పడకపోతే ఏ కంపెనీకి పోయినా అవే బిల్లులు.

ఆదివారం సాయంత్రం నుంచే గుండెల్లో బరువుగా ఉంటుంది. మానేయడానికి ఇది చాలదా?

చాలదు. ముందు మిగిలిన సెలవుల్లో పది రోజులు వాడుకోండి. వారాల తరబడి నిద్ర, ఆకలి సరిగా లేకపోతే డాక్టరును కలవండి, రాజీనామా సంగతి తర్వాత. ఒళ్లు అలిసినప్పుడు తీసుకున్న నిర్ణయం ఒళ్లు కుదుటపడ్డాక మనదిగా అనిపించదు.

బెంగళూరులో ఐటీ ఉద్యోగం. అన్నీ వదిలేసి ఒంగోలు వచ్చేయాలని ఉంది. పిచ్చి ఆలోచనా?

పిచ్చేమీ లేదు. కానీ ఈ ఆలోచన నీకు ఎప్పుడొచ్చిందో గుర్తు తెచ్చుకో తమ్ముడూ. సంక్రాంతికి ఇంటికి వచ్చి, మంచు తెరలో అరిసెలు తింటూ ఉన్నప్పుడే కదా? అప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది. ఈసారి మే నెలలో రా. రోహిణి కార్తె దాటేదాకా ఇరవై రోజులు ఉండు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, నాన్న గదిలో కూర్చుని "ఇంకా ఎన్నాళ్లు సెలవు?" అని మూడోసారి అడిగినప్పుడు కూడా ఇక్కడే ఉండాలనిపిస్తే, అది నిజమైన కోరికే. తర్వాతి మెట్టు, ఇంటి నుంచి పనిచేయడానికి కంపెనీ ఒప్పుకుంటుందేమో అడగడం. జీతం తగ్గించి ఒప్పుకున్నా ఆలోచించదగ్గదే, ఎందుకంటే బెంగళూరు అద్దె మిగులుతుంది. అన్నింటికంటే ముఖ్యం, ఒంగోలు వచ్చి ఏం చేస్తావన్నది. చీమకుర్తి గ్రానైటులోనో పొగాకులోనో మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ పని లోపలి సంగతులు నీకు తెలిసి ఉంటాయి. లేకుంటే ఊరు మారడం, వృత్తి మారడం ఒకేసారి నెత్తిన పడతాయి. ఒకటి అలవాటయ్యాక రెండోది పెట్టుకో.

మా ఫ్రెండ్స్ రొయ్యల గుంటలు లీజుకు తీసుకుంటున్నారు. ఉద్యోగం మాని నేనూ దిగనా?

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. మన దేశంలో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చింది 2009లో. ఆ తర్వాత ఈ జిల్లాలో మేడలు కట్టినవాళ్లూ ఉన్నారు, మేడలు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. పంట మూడు, నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లో ఏ రాత్రయినా నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. తెల్లమచ్చ జబ్బు వస్తే మందు లేదు. పంట బాగా వచ్చిన ఏడాది ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, అక్కడి గోదాము ముఖం ఎరగని రైతు కూడా ఇక్కడ గుంట గట్టు మీద తల పట్టుకున్నాడు.

దిగొద్దని చెప్పడం లేదు. ఉద్యోగంలో ఉంటూనే ఎవరి గుంటలోనైనా చిన్న వాటా పెట్టండి. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చోకుండా వారానికి రెండు రాత్రులు గట్టు మీద పడుకోండి. రెండు పంటలు అలా చూశాక, ఒక పంట పూర్తిగా పోయినా ఇల్లు గడుస్తుందనిపిస్తే అప్పుడు లీజు మాట.

35 ఏళ్లు వచ్చాయి. కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోవచ్చా?

పోవచ్చు, పోయినవాళ్లున్నారు. అయితే మీ పదేళ్ల అనుభవాన్ని పారేసి 22 ఏళ్ల పిల్లలతో సమానంగా లైన్లో నిలబడకండి. బ్యాంకులో చేసినవాళ్లు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వైపు, నాలా అకౌంట్స్ చేసినవాళ్లు కంపెనీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తే ఆ అనుభవానికి విలువ ఉంటుంది. "రెండు లక్షలు కట్టండి, బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం, అనుభవం సర్టిఫికెట్ మేమే ఇస్తాం" అన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. అబద్ధపు అనుభవం బయటపడితే కంపెనీ తీసేస్తుంది, ఆ రెండు లక్షలు ఎవరూ తిరిగివ్వరు.

నాది గవర్నమెంటు ఉద్యోగం. రాజీనామా చేస్తే ఏం పోతుంది?

చాలా పోతుంది కనుక నిదానంగా చదవండి. రాజీనామా చేస్తే పింఛను నిబంధనల ప్రకారం అప్పటిదాకా చేసిన సర్వీసు రద్దవుతుంది. 20 ఏళ్ల సర్వీసు నిండితే స్వచ్ఛంద పదవీ విరమణకు వీలుంది, అది వేరు. కనుక సర్వీసులో 18వ ఏట ఉన్నవాళ్లు కోపంలో రాజీనామా కాగితం రాయడం అంత నష్టం ఇంకోటి లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర సర్వీసులో చేరి, జీతం నుంచి చందా కట్టే పింఛను పథకం సీపీఎస్‌లో ఉన్నవాళ్లు మధ్యలో బయటికొస్తే ఖాతాలో డబ్బు మొత్తం చేతికి రాదు. మామూలుగా 80 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛను వచ్చే పథకం కొనాలి, మిగతాదే నగదు.

ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లేటట్లయితే శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఎన్‌ఓసీ తీసుకుని, సరైన దారిలో దరఖాస్తు పెట్టుకోండి. అలా వెళ్తే పాత సర్వీసు కలుపుకునే వీలుంటుంది. ఉద్యోగంలో ఉంటూ పక్కన వ్యాపారం చేసి చూద్దామంటే 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. మీలాంటివాళ్లకు మిగిలింది జీతం లేని సెలవు. అది మంజూరవుతుందో లేదో ముందు సెక్షన్‌లో కనుక్కోండి.

## ఉద్యోగంలో ఉండగానే చేసి చూసేటప్పుడు

కొత్త పని నాకు సరిపడుతుందో లేదో మానకముందే ఎట్టా తెలుస్తుంది?

చిన్నగా, కానీ నిజం డబ్బుతో చేసి చూడాలి. మెచ్చుకోళ్లు లెక్కలోకి రావు. నా చేపల పులుసు తిని "హోటల్ పెట్టు వదినా" అన్నవాళ్లు నలభై మంది ఉంటారు. వారిలో డబ్బిచ్చి కొన్నది ఆరుగురు.

ఏడాది పాటు ఆదివారాలు మాత్రమే చేశాను. గురువారానికల్లా వాట్సాప్‌లో ఆర్డర్లు. శనివారం సాయంత్రం చేపల మార్కెట్, రాత్రికి మట్టి దాకలో పులుసు, పుల్ల మామిడి ముక్కలు, దించే ముందు మెంతిపొడి. మన పులుసు రాత్రంతా నిలవుంటేనే రుచి కనుక ఆదివారం పొద్దున డబ్బాలకెత్తి, మా ఆయన స్కూటీ మీద ఇచ్చొచ్చేవారు. ఒక ఆదివారం లెక్క పుస్తకంలో ఇలా ఉంది: బొచ్చె ఐదు కిలోలు 1,200, చింతపండు, మామిడి, నూనె, మసాలా 420, గ్యాస్ 90, డబ్బాలు 130, పెట్రోలు 60. మొత్తం 1,900. ఇరవై డబ్బాలు 130 చొప్పున 2,600. మిగిలింది 700. సంబరపడ్డాను. తర్వాత గంటలు లెక్కేస్తే ఇద్దరికీ కలిపి తొమ్మిది గంటలు. గంటకు 80 కూడా రాలేదు.

డబ్బా 160 చేశాను. ముగ్గురు మానేశారు, పదిహేడు మంది ఉన్నారు. మానకముందు నేను నేర్చుకున్న పెద్ద సంగతి అదే. ధర పెంచితే ఎంతమంది నిలబడతారన్నది ఉద్యోగం ఉండగా తెలుసుకుంటే గుండె ఆగదు. కొట్టు తెరిచాక తెలుసుకుంటే ఆగినంత పనవుతుంది.

మీది ట్యూషన్ అయినా, ఫొటోగ్రఫీ అయినా, కుట్టు అయినా ఇంతే. కనీసం పది మంది దగ్గర డబ్బు తీసుకోండి. వాళ్లలో సగం మంది మీ చుట్టాలు కాకూడదు.

ఉద్యోగంలో ఉంటూ పక్కన పని చేస్తే కంపెనీ ఊరుకుంటుందా?

నియామక పత్రం తీసి చదవండి. చాలావాటిలో వేరే పని చేయకూడదని ఒక షరతు ఉంటుంది. ఆదివారం పులుసుకు ఎవరూ రారు కానీ, అదే రంగంలో పోటీ పని చేసినా, ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు టైమ్ వాడినా తప్పు మీదే. ఆఫీసులో వాట్సాప్ గ్రూపు కూడా పెట్టకండి.

ఎన్నాళ్లు చేసి చూడాలి?

ఒక ఏడాది తిరగాలి. మన వైపు వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో మాకు సగం ఆర్డర్లే. కార్తీక మాసంలో నీచు ముట్టని ఇళ్లు బోలెడు. వేసవిలో చేసి చూసి "భలే ఉంది" అనుకునుంటే నవంబరులో మునిగేదాన్ని.

## డబ్బు లెక్క

మానేయడానికి చేతిలో ఎంత ఉండాలి?

ఆరు నెలల ఖర్చు అని చాలామంది చెప్తారు. నేను ఏడాది ఖర్చు అంటాను, అదీ నిజంగా రాసిన లెక్క ప్రకారం. నెలకు 24,000 సరిపోతుందని నోటితో చెప్పేదాన్ని. ఏడాది రాస్తే 4,08,000 తేలింది, అంటే నెలకు 34,000. ఆ తేడా ఎక్కడుందంటే, జూన్‌లో స్కూలు ఫీజులు, బండి ఇన్సూరెన్స్, పెళ్లిళ్ల చదివింపులు, దసరా బట్టలు. ఇంకా, రొట్టెల పండక్కి బారా షహీద్ దర్గాకు వచ్చి మా ఇంట్లో దిగే చుట్టాలు. వాళ్లు రావడం నాకు ఇష్టమే. పుస్తకంలో మాత్రం రాయాలి కదా.

కడుతున్న చీటీ, బంగారం మీద అప్పుకు వడ్డీ కూడా ఖర్చులోనే వేయండి. చీటీని పొదుపు అనుకుని లెక్కలోంచి తీసేసేవాళ్లే ఎక్కువ. జీతం ఆగిన నెలలో కూడా చీటీ కట్టాల్సిందే.

పీఎఫ్ తీసేసి పెట్టుబడి పెట్టుకోవచ్చా?

నా మాట వింటే ముట్టుకోవద్దు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను స్కీములో పదేళ్లు నిండితే 58 ఏళ్లకు నెలనెలా పింఛను హక్కు ఉంటుంది. సర్వీసులో తొమ్మిదో ఏట ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఉద్యోగం మానగానే వడ్డీ ఆగిపోతుందన్నది అపోహ. వడ్డీ పడుతూనే ఉంటుంది, కాకపోతే మానేసిన తర్వాత పడే వడ్డీకి పన్ను కట్టాలి.

గ్రాట్యుటీ నాకు వస్తుందా? ఎంత?

అన్నేళ్లు చేసినందుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము అది. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట శాశ్వత ఉద్యోగిగా ఐదేళ్లు నిండితే వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, ఎన్నేళ్లు చేస్తే అన్నింటితో మళ్లీ హెచ్చించండి. ఉదాహరణకు బేసిక్, డీఏ 20,800 అయితే ఏడాదికి 12,000, పదకొండేళ్లకు 1,32,000. నాలుగేళ్ల 240 రోజులు చేసినా చాలని మద్రాస్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది కానీ, కంపెనీతో కోర్టుకెక్కే ఓపిక ఎవరికి? రెండు, మూడు నెలలే తక్కువైతే పళ్లు బిగబట్టి ఉండండి.

హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి?

కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోండి. అప్పటికే బీపీ, షుగరు ఉంటే వాటికి గరిష్ఠంగా మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బులకు క్లెయిమ్ రాని కాలం పెట్టొచ్చు. కంపెనీ పాలసీ నుంచి అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడిగితే ఆ కాలం కలిసొస్తుంది. జబ్బు దాచి మాత్రం పాలసీ తీసుకోకండి.

బ్యాంకు లోన్ ఇప్పుడే తీసుకోనా, మానేశాకా?

ఇంటి లోన్ అయితే జీతం ఉన్నప్పుడే సులువు. సొంత పని చేసేవాళ్లను బ్యాంకు రెండు, మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతుంది. అలాగని కొత్త వ్యాపారం కోసం పర్సనల్ లోన్ తీసుకోవద్దు. జీతం చూసి ఇచ్చిన అప్పును జీతం లేకుండా తీర్చాల్సి వస్తుంది.

వ్యాపారానికైతే ముద్ర లోన్లు ఉన్నాయి, శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. కేంద్రం సబ్సిడీ ఇచ్చే లోన్ల పథకం పీఎంఈజీపీలో ఆడవాళ్లకు పట్టణంలో 25, పల్లెలో 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. ఆ సబ్సిడీ చేతికివ్వరు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, అప్పుడు లెక్కల్లో వేసుకోండి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి వెయ్యి అడిగే మధ్యవర్తికి ఒక నమస్కారం పెట్టండి.

## ఇంట్లో చెప్పేటప్పుడు

అమ్మానాన్నలకు, అత్తామామలకు ఎట్టా చెప్పేది?

నిర్ణయం చెప్పి తర్వాత లెక్క చెప్తే యుద్ధం. లెక్క చూపించి నిర్ణయం చెప్తే వాదన వరకే. మా మామగారు రిటైర్డ్ ఉద్యోగి. "నెల మొదటి తారీఖు విలువ నీకు తెలియదమ్మాయ్" అన్నారు. ఎదురు చెప్పలేదు, ఏడాది ఆదివారాల పుస్తకం చేతికిచ్చాను. రెండు రోజులు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కూడికలో రెండు తప్పులు పట్టుకున్నారు. ఇప్పటికీ కొట్టు లెక్క ఆయనే చూస్తారు. ఈ పని మంచిదని మాత్రం ఈనాటికీ అనలేదు.

చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడు మానేస్తే పరువు పోతుందంటున్నారు.

వాళ్ల బాధలో నిజం ఉంది, కొట్టిపారేయకండి. మన దగ్గర సంబంధం అడిగేటప్పుడు "అన్న ఏం చేస్తాడు?" అన్నది మూడో ప్రశ్న. పెళ్లి ఆరు నెలల్లో ఉంటే ఆగండి, ఈలోపు సెలవు రోజుల్లో పని చేసి చూసుకోవచ్చు. ఎప్పుడో చూస్తాంలే అన్నట్టుంటే ఒక తేదీ చెప్పి ఆ తేదీకి మానేయండి.

మూఢంలో రాజీనామా ఇవ్వొచ్చా?

కొట్టు ప్రారంభానికి నేనూ ముహూర్తం పెట్టించుకున్నాను. రాజీనామాకు మాత్రం బోనస్ పడే తేదీ, ఇంక్రిమెంటు తేదీ, గ్రాట్యుటీకి ఏడాది నిండే తేదీ చూసుకుంటే చాలు.

## రాజీనామా ఇచ్చేటప్పుడు

నోటీసు పీరియడ్‌లో ఏం చూసుకోవాలి?

రాజీనామా ఈమెయిల్‌లో ఇవ్వండి, కాపీ సొంత మెయిల్‌కు పంపుకోండి. కాగితం చేతికిస్తే తేదీ వేసి సంతకం చేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. జీతం స్లిప్పులు, ఫారం 16లు, నియామక పత్రం ముందే దాచుకోండి, ఆఫీసు మెయిల్ చివరి రోజు సాయంత్రానికే మూసేస్తారు. మీ పని ఒక పుస్తకంలో రాసి తర్వాతి మనిషికి అప్పగించండి. మా ఆఫీసులో నా తర్వాత వచ్చిన అమ్మాయి ఇప్పుడు నా దగ్గర వారానికి మూడు రోజులు కూర కొంటుంది.

రావాల్సిన డబ్బు, రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పుతుంటే?

నాకూ మూడు నెలలు తిప్పారు. ఫోన్లు చేసినన్నాళ్లు కదల్లేదు. తేదీలన్నీ వేసి, మర్యాదగా, రాతపూర్వకంగా రెండు మెయిళ్లు పెట్టాక కదిలింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. మెయిల్‌లో ఈ ముక్క రాయండి. అప్పటికీ ఉలకకపోతే కార్మిక శాఖ ఆఫీసుకు అర్జీ. పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

## మానేశాక

మొదటి నెలల్లో మీరు చేసిన తప్పేంటి?

గ్యాస్. ఇంటి సిలిండరే కొట్లో వాడాను. పక్క టీ కొట్టు అన్న చూసి "అమ్మా, ఇది పట్టుకుంటే గొడవ" అన్నాడు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ తీసుకోవాలి. ధర తేడాతో నేను వేసిన లెక్కలన్నీ తలకిందులయ్యాయి. పదకొండేళ్లు వేరేవాళ్ల ఖర్చులు పైసాతో సహా రాసినదాన్ని, నా ఖర్చులో సిలిండర్ తప్పు రాసుకున్నాను.

రెండోది, నాకు జీతం వేసుకోలేదు. గల్లాపెట్టెలోంచి పాలకు, పిల్లల ఆటోకు తీస్తూ పోయాను. నాలుగో నెల నుంచి ఒకటో తారీఖున నా ఖాతాలోకి ఒక మొత్తం వేసుకుంటున్నాను. మొదట 9,000. మామగారి ఒకటో తారీఖు నాకూ మిగిలిందన్నమాట.

ఉద్యోగం లేకపోతే జనం చూపు మారుతుందా?

మారుతుంది. ఒక పెళ్లిలో పాత ఆఫీసు ఆవిడ "పాపం, ఇంట్లో ఇబ్బందా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడాదికి అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే "రేపు గోంగూర రొయ్యలు, వస్తావా?" అంటాను.

కుదరకపోతే వెనక్కి వెళ్లడం ఎట్టా?

ఎప్పుడు వెనక్కి వెళ్తారో మానేసే రోజే రాసి పెట్టుకోండి. చేతిలో నాలుగు నెలల ఖర్చు మిగిలిన రోజు నుంచి ఉద్యోగం వెతకాలని నేను బీరువా తలుపు లోపల చీటీ అంటించాను. ఒకసారి ఐదు నెలల దాకా వచ్చింది, ఒక ఆడిటర్ గారికి ఫోన్ కూడా చేశాను. ఇంటర్వ్యూలో మధ్య ఏళ్ల గురించి అడిగితే దాచకండి. సొంత డబ్బుతో కొట్టు నడిపి లెక్క చూపించగలిగిన మనిషి అకౌంట్స్‌కు పనికిరాదని ఎవరూ అనరు.

ఇప్పుడు ఆఫీసు జీతం కంటే ఎక్కువ వస్తోందా?

లేదు. కొన్ని నెలలు సమానం, వానాకాలంలో తక్కువ. పని గంటలు ఎక్కువ. అయినా ఆ నెల రోజుల పుస్తకం మళ్లీ రాశాను. చిరాకు పడ్డ రోజులు ఆరు. ఆరింట్లో నాలుగు ఉల్లిపాయలు.

ఆదివారం చేపల పులుసు ఇంకా ఇస్తున్నారా?

ఇస్తున్నాను. శనివారం మధ్యాహ్నం 12 లోపు చెప్పాలి. మామిడికాయ లేని నెలల్లో చింతపండే. డబ్బా ఇప్పుడు 180.